వేయించామని చెప్పిన టీకా

బడి వ్యాన్ మెట్టు కాస్త ఎత్తు. చిన్నపిల్లల కాలు అందదు. అందుకని ప్రతి స్టాపులోనూ డ్రైవర్ దిగి, చంకల కింద చేతులు వేసి వాళ్లను ఎత్తి లోపల పెడతాడు. ఎవరు బరువు పెరిగారో, ఎవరు రాత్రి సరిగ్గా నిద్రపోలేదో, ఎవరి ఒళ్లు వెచ్చగా ఉందో అతని చేతులకు తెలిసిపోతుంది. జ్వరం సిరప్ తాగించి పంపిన పిల్లాడి నోటి దగ్గర నారింజ వాసన వస్తుంది. మధ్యాహ్నం దాకా జ్వరం దాక్కుంటుంది, తర్వాత బడివాళ్లు ఫోన్ చేస్తారు. ఈలోగా తల్లికి సగం రోజు పని గడిచిపోతుంది. ఈ సంగతి తల్లులకూ తెలుసు, అతనికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

పిల్లలు అతన్ని వ్యాన్ మామయ్య అంటారు. పెద్దవాళ్లు కూడా ఫోన్లో అలాగే రాసుకున్నారు. అతని పక్కన ముందు సీటులో కూర్చునేది అతని కూతురు. ఎనిమిదేళ్లు. వాడుతున్న మాత్రల వల్ల మొహం గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. వెనక పిల్లలు "బంతి" అని పేరు పెట్టారు. మొదట్లో ఏడ్చింది. తర్వాత ఒకరోజు వెనక్కి తిరిగి, "ఏ బంతో చెప్పండి ముందు. క్రికెట్ బంతి అయితే ఒప్పుకుంటా. తగిలితే పళ్లు రాలతాయి," అంది. ఆ రోజు నుంచి ఆ పేరు ఆమెదే అయిపోయింది. ఆమె తమ్ముడు నాలుగేళ్లవాడు. ఇంట్లో చిన్నోడు అంటారు. వాడు వెనక సీట్లో కుదురుగా కూర్చోడు, కిటికీ అద్దం మీద నాలుకతో బొమ్మలు వేస్తుంటాడు.

బంతికి కిడ్నీ జబ్బు. ఒంట్లో ఉండాల్సిన ప్రొటీన్ మూత్రంలో పోతుంది, ఒంట్లోంచి పోవాల్సిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. రోజూ పొద్దున్నే ఆమె మంచం దిగకముందే అతను ముంగాలి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూస్తాడు. గుంట పడి అలాగే ఉంటే నీరు చేరినట్టు. పడకపోతే ఆ రోజుకు బతికిపోయినట్టు.

ఈ జబ్బు ఎలా వచ్చిందో చెప్పడానికి అతని దగ్గర ఒక కథ ఉంది. బంతికి ఐదేళ్లప్పుడు బడిలో చేర్చే ముందు వేయాల్సిన టీకా వేయించారు. రెండు వారాలు తిరగకముందే ఒక పొద్దున కళ్లు తెరుచుకోనంతగా మొహం వాచింది. రెంటికీ సంబంధం లేదని ఆసుపత్రిలో అందరూ చెప్పారు. అతను తలూపాడు గానీ నమ్మలేదు. ఆ రెండు సంఘటనలూ అతని మనసులో పక్కపక్కనే అతుక్కుపోయాయి. అప్పటికి చిన్నోడికి ఏడాది. వాడి సూదులు అక్కడితో ఆగిపోయాయి. భార్య అడ్డు చెప్పలేదు. ఆసుపత్రి వరండాలో నేల మీద పడుకుని లేచిన మనిషికి వాదించే ఓపిక ఎక్కడుంటుంది?

ఒక్కో స్టాపులో దొరికేది రెండు నిమిషాలే. కానీ రోజూ దొరుకుతాయి. పిల్లకు ఎలా ఉందని ఎవరు అడిగినా అతను కథ మొదటినుంచీ చెప్పేవాడు. "బంగారంలాంటి పిల్లండీ. పరుగెత్తుతుంటే పట్టుకోలేకపోయేవాళ్లం. సూది వేయించాం, అంతే." ఆ "అంతే" దగ్గర గొంతు కాస్త తగ్గేది. వినేవాళ్లు తమ పిల్లను దగ్గరకు లాక్కునేవారు.

ఆ ఏడాది ఊరి అవతలి వైపు బళ్లలో చికెన్‌పాక్స్ మొదలైంది. బంతిని నెలవారీ పరీక్షకు తీసుకెళ్లినప్పుడు డాక్టరమ్మ మొదట అడిగింది దాని గురించే.

"మీ బడికి వచ్చిందా?"

"ఇంకా లేదు మేడమ్."

"వస్తుంది. ఈమెకి చిన్నప్పుడు రాలేదు, టీకా కూడా పడలేదు. ఇప్పుడు ఇంత డోసు మాత్రల మీద ఉండగా ఆ టీకా వేయలేను. అందులో ఉండేది బలం తగ్గించిన క్రిమే గానీ, బతికున్నదే. మామూలు పిల్లలకి అయితే ఓ వారం దురద, జ్వరం. ఈమెకి ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. కాబట్టి చుట్టూ ఉన్నవాళ్లకి రాకుండా చూడాలి. మీవాడికి వేయించారా?"

భార్య అతని వైపు చూసింది.

"జ్వరం ఉన్న పిల్లల్ని నేను వ్యాన్ ఎక్కించను మేడమ్. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది నాకు," అన్నాడు.

"మచ్చలు కనిపించకముందే అంటుకుంటుందండీ ఇది. ఒళ్లు చల్లగానే ఉంటుంది. ఏం పట్టుకుని చూస్తారు?"

అతను అసలు మాట అప్పుడు బయటపెట్టాడు. "దీనికి సూది వేయించాకే కదా మేడమ్ ఇదంతా వచ్చింది?"

"వేయించాక వచ్చింది. వేయించడం వల్ల వచ్చిందని నేను అనను."

"కాదని రాసిస్తారా?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "చాలామంది పిల్లల్లో ఇది ఎందుకు వస్తుందో మాకే తెలియదు. తెలియనిదాన్ని తెలుసని ఎలా రాయను? చికెన్‌పాక్స్ వస్తే ఈమెకి ఏమవుతుందో తెలుసు. అది రాసివ్వమంటే ఇప్పుడే రాసిస్తా."

ఇంటికి రాగానే భార్య ఆరిన బట్టలు ముందేసుకుంది. ఆమె ఒక బ్రెడ్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తుంది. ముక్కలు చేసిన రొట్టెల్ని సంచుల్లోకి తోసి మూతి బిగిస్తుంటుంది. ఇంట్లో కూడా ఆమె చేతులు అదే వేగంతో కదులుతాయి. పిల్లల బట్టలు మడతపెడుతూ అంది:

"రేపే వేయిద్దాం వాడికి."

"చూద్దాం."

"ఏం చూస్తారు?"

"ఒక పిల్లని పోగొట్టుకున్నంత పనైంది. రెండోవాడిని కూడా చేతులారా..."

"పిల్ల పక్కగదిలో ఉంది. పోగొట్టుకోవడమేంటి, ఆ మాటలేంటి?" మడతపెట్టిన చొక్కాను మళ్లీ విదిలించింది. "మూడేళ్లుగా మీరు దాని జబ్బుని స్టాపు స్టాపుకీ పంచిపెట్టారు. నేను ఊరుకున్నాను. మీకు కాస్త బరువు దిగుతుందేమోలే అనుకున్నాను. ఇప్పుడు దాని ప్రాణం మీదకి వస్తే చూద్దాం అంటున్నారు."

"నువ్వు తీసుకెళ్తావా?"

"తీసుకెళ్తాను. రేపు వాడికి ముక్కు కారినా నన్నే అంటారు. ఆ మాట పడటానికి నేను సిద్ధంగా లేను. మీ చేత్తోనే తీసుకెళ్లండి."

అతను తీసుకెళ్లలేదు. దానికి బదులు ఇంకో పని మొదలుపెట్టాడు. వ్యాన్‌లో ఉన్న మిగతా పిల్లలందరికీ టీకా పడితే చిన్నోడికి పడకపోయినా ఫరవాలేదు కదా అని లెక్క కట్టుకున్నాడు. చుట్టూ గోడ ఉంటే చాలు, అందులో ఒక ఇటుక తక్కువైతే ఏమవుతుంది? ఈ లెక్క ఎవరికీ చెప్పలేదు.

మొదటి స్టాపులో మనవణ్ణి ఎక్కించే పెద్దాయన రిటైరైన స్టేషన్ మాస్టరు. మాట్లాడితే ప్లాట్‌ఫారం చివరిదాకా వినిపిస్తుంది.

"సార్, చికెన్‌పాక్స్ వస్తోందంట. పిల్లలకి టీకా వేయిస్తే మంచిదంటున్నారు. మా అమ్మాయి సంగతి మీకు తెలుసు కదా."

"ఆటలమ్మకా టీకా? నీకు రాలేదా చిన్నప్పుడు? ఆ కనుబొమ్మ మీద గుంట దానిదే కదా?"

"దానిదే సార్."

"చచ్చావా?"

"లేదు సార్."

"బతికుండి మా వాణ్ణి ఎత్తి కూర్చోబెడుతున్నావు కదా! ఇంకేంటయ్యా నీ గొడవ?" అని పెద్దాయన తన జోకుకు తానే నవ్వుకుని కర్ర ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

మలుపు తిరిగాక ఆడవాళ్ల బట్టలు కుట్టే చిన్న షాపు ఉంది. షాపు ముందే స్టాపు. టైలరమ్మ మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు అలాగే పెట్టుకుని కూతుర్ని ఎక్కించడానికి వస్తుంది. మాట్లాడాల్సి వస్తే సూదులు తీసి జాకెట్టు చేతికి గుచ్చుకుంటుంది. అతను విషయం చెప్పగానే సూదులు తీసింది.

"టీకా వేయించమని మీరా చెప్పేది?"

"అవునమ్మా."

"మీరే కదా అన్నయ్యా, బంతికి సూది వల్లే అయిందన్నారు? కిందటేడాది మా పాపకి వేయించాల్సింది ఉంటే, మీ మాట విని మానేశాం. మా అత్తగారితో పెద్ద గొడవ కూడా అయింది."

వెనక ఎవరో హారన్ కొట్టారు. ఆ కథ తన నోట్లోంచి బయటికి వెళ్లి ఎవరింట్లోనో గొడవ పెట్టిందని అతనికి ఇంతవరకు తెలియదు.

"అది వేరే సూదమ్మా. ఇది వేరే," అన్నాడు.

"మీ చిన్నోడికి వేయించారా మరి?"

"ఆ. వేయించాం."

ఆ మాట అనాలని అనుకోలేదు. వచ్చేసింది. టైలరమ్మ మొహం తేటపడింది. "మీరే వేయించాక ఇంక మాకు భయమేంటి? రేపే వెళ్తాం," అంది. కూతుర్ని అతని చేతుల్లోకి ఇచ్చింది. అతను ఎత్తి లోపల పెట్టి డ్రైవర్ సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. పక్కన బంతి నేరుగా రోడ్డు వైపు చూస్తోంది.

ఆ వారం ఆ అబద్ధం వ్యాన్ కంటే ముందు పోయింది. తర్వాతి స్టాపుల్లో అతను అడక్కముందే తల్లులు అడిగారు: "మీవాడికి వేయించారంట కదా?" ఒకసారి అన్న మాటను వెనక్కి తీసుకునే చోటు ఎక్కడా కనిపించలేదు. కొందరు వేయించారు. కొందరు నవ్వి ఊరుకున్నారు. పెద్దాయన మాత్రం అతని కనుబొమ్మ గుంట వైపు వేలు చూపించి పలకరించడం అలవాటు చేసుకున్నాడు.

ఒక సాయంత్రం వ్యాన్ కడుగుతుంటే టైలరమ్మ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, పాప ఒళ్లు కాలుతోంది. సూది వేసిన చోట ఎర్రగా వాచింది. అక్కడ అడిగితే మామూలే అంటున్నారు. నాకేమో కాళ్లూ చేతులూ ఆడట్లేదు. మీవాడికి ఎన్నాళ్లుంది?"

అతని చేతిలో నీళ్ల గొట్టం అలాగే పారుతోంది.

"ఒక్కరోజేనమ్మా."

"ఏం చేశారు?"

"తడిగుడ్డ వేశాం. తగ్గిపోయింది."

"మొహం వాయలేదు కదా?"

"లేదమ్మా. ఏం కాలేదు."

"మీరు చెప్తే ధైర్యం వచ్చింది," అని ఆమె పెట్టేసింది.

అతను గొట్టం కట్టేసి వెనక్కి తిరిగాడు. బంతి గడపలో కూర్చుని షూ పాలిష్ చేసుకుంటోంది.

"నాన్నా, చిన్నోడికి ఎప్పుడు వేయించావు? నేను నిద్రపోతున్నానా?"

"పెద్దవాళ్ల మాటలు నీకెందుకు?"

"వాడికి జ్వరం రాలేదుగా. తడిగుడ్డ ఎప్పుడు వేశారు?"

అతను వ్యాన్ చక్రం వంక చూస్తూ నిలబడ్డాడు. ఆమె బ్రష్ ఆపలేదు.

"వాడికి వేయిస్తే నాలా అవుతాడని భయమా?"

"నోర్ముయ్."

"అయితే టైలరత్త వాళ్ల పాప కూడా నాలా అవుతుందా? నువ్వే కదా వేయించమన్నావు?"

అతని తడిసిన లాగు కాళ్లకు అతుక్కుని చల్లబడింది. తన కథ నిజమైతే ఆ టైలరమ్మ కూతుర్ని తానే తోసినట్టు. అబద్ధమైతే మూడేళ్లుగా చేసింది ఏమిటి? ఈ రెంటి మధ్యా నిలబడటానికి చోటు లేదు. బొటనవేలు పెట్టి నొక్కి చూసి తేల్చుకునే సంగతి కాదిది.

నమ్మకం కుదిరి వెళ్లలేదు. మర్నాడు బడి వదిలాక, వ్యాన్ ఖాళీ అయ్యాక, చిన్నోణ్ణి చంకనేసుకుని పిల్లల క్లినిక్‌కి వెళ్లాడు. భార్యకు చెప్పలేదు. చెబితే ఆమె ఏమీ అనదు. ఆ అనకపోవడాన్నే తట్టుకోలేడు.

క్లినిక్‌ కౌంటర్లో వాడి పేరు, వయసు రాయించాడు. గోడ పొడవునా బెంచీ. ఎవరి పిల్లాడో ఏనుగు బొమ్మను నేలకేసి కొడుతున్నాడు. బెంచీ చివర టైలరమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో తన రెండోపిల్ల. మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చింది.

"రండన్నయ్యా! పాపకి తగ్గిపోయింది. మీరు చెప్పినట్టే ఒక్కరోజే ఉంది. అందుకే దీనికి కూడా వేయించేద్దామని వచ్చాను." పక్కకు జరిగి చోటిచ్చింది. "మీరేంటి ఇలా? చిన్నోడికి ఒంట్లో బాగాలేదా?"

"కొంచెం దగ్గు," అన్నాడు.

చిన్నోడు వెంటనే, "నాకు దగ్గు లేదు," అన్నాడు. టైలరమ్మ వాడి బుగ్గ గిల్లి నవ్వింది.

లోపలినుంచి నర్సు తలుపు తీసింది. "చికెన్‌పాక్స్ మొదటి డోసు, నాలుగేళ్ల బాబు. మీరేనా?"

అతను లేచాడు. టైలరమ్మ నవ్వు కాసేపు మొహం మీద అలాగే ఉండిపోయింది, ఎలా తీయాలో తెలియనట్టు.

"మొదటి డోసా?"

అతను చిన్నోణ్ణి చంకనేసుకున్నాడు.

"మరి ఆ తడిగుడ్డ ఎవరికి వేశారు?"

బెంచీ మీదున్న మిగతావాళ్లు ఇటు తిరిగారు. ఆమె గొంతు తగ్గించింది. తగ్గించాక ఇంకా గట్టిగా తగిలింది. "మా పాపకి ఏమవుతుందో చూసి, అప్పుడు మీవాణ్ణి తెచ్చారా?"

"లేదమ్మా," అన్నాడు. అది నిజమో కాదో అతనికే తెలియలేదు.

లోపల చిన్నోడు ఏడవలేదు. సూది దిగుతుంటే నర్సు చెవి రింగు వైపు చూస్తూ ఉన్నాడు. అయిపోయాక, "అక్కకి వేయరా?" అని అడిగాడు. బంతి జబ్బు సంగతి విని, ఈ టీకా పట్టడానికి ఓ రెండు వారాలైనా పడుతుందని, ఈలోగా ఒంటి మీద పొక్కులు కనిపిస్తే అక్క దగ్గరకు పోనివ్వొద్దని నర్సు చెప్పింది. బయటికి వచ్చేసరికి బెంచీ చివర ఖాళీగా ఉంది. టైలరమ్మ లోపలికి వెళ్లిందో, వేయించకుండానే వెళ్లిపోయిందో అతనికి అర్థం కాలేదు. ఎవరినీ అడగలేకపోయాడు.

ఆ వారంలోనే చికెన్‌పాక్స్ వాళ్ల బడిలోకి వచ్చింది. మొదట నర్సరీలో ఒక పాపకు. ఆ పాప అతని వ్యాన్‌లోదే, పెద్దాయన వీధిలోనే ఉంటుంది. ముందురోజు పొద్దున అతనే ఎత్తి లోపల పెట్టాడు. ఒళ్లు చల్లగా ఉంది. నోటి దగ్గర నారింజ వాసన లేదు. ముందు సీటు వెనక సీటు అని గాలికి తెలియదు కదా. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే బంతిని వెంటనే తీసుకురమ్మంది. ముందు జాగ్రత్తగా ఆమెకు వేరే రకం ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపింది. "ఇది కాపాడుతుందని కచ్చితంగా చెప్పలేను. మూడు నాలుగు వారాలు కనిపెట్టి ఉండండి. మచ్చ కనిపిస్తే ఏ వేళైనా సరే తీసుకురండి," అంది. తర్వాత అడిగింది: "బాబుకి ఎప్పుడు వేయించారు?"

అతను చెప్పాడు. ఆవిడ లోలోపల లెక్కేసుకుని, "సరే," అని మాత్రం అంది.

చిన్నోణ్ణి వాళ్ల అమ్మమ్మ ఇంటికి పంపారు. వాడూ ఆ వ్యాన్‌లో కూర్చున్నవాడే. వాడికి అది ముందు అంటిందో, టీకా ముందు పట్టిందో ఎవరూ చెప్పలేరు. వాడు వెళ్లేటప్పుడు అక్క కోసం ఏడ్చాడు. బంతి కిటికీలోంచి, "నన్ను చూస్తే నీకు మచ్చలొస్తాయిరా, పారిపో!" అని నవ్వించింది. వాడు మలుపు తిరిగాక కిటికీ మూసేసుకుంది.

ఇప్పుడు పొద్దున్నే అతనికి పనులు రెండు. బంతి ముంగాలు నొక్కి చూస్తాడు. తర్వాత ఆమె మెడ వెనక, చెవుల కింద, వీపు మీద వెతుకుతాడు. ఒకరోజు భుజం మీద ఎర్రటి చుక్క కనిపిస్తే భార్యను కేకేశాడు. భార్య వచ్చి దీపం దగ్గరగా పెట్టి చూసి, "దోమ," అంది. ఆ రోజంతా ఇద్దరూ ఆ దోమ కాటునే చూస్తూ గడిపారు.

టైలరమ్మ స్టాపులో వ్యాన్ ఆగింది. అతను దిగాడు. ఆమె కూతురి చెయ్యి వదల్లేదు. ఖాళీగా ఉన్న ముందు సీటు వైపు చూసింది.

"బంతి ఏది?"

"ఇంట్లో ఉంచాం."

"వచ్చిందా?"

"ఇంకా లేదు. కనిపెట్టి ఉండమన్నారు."

"చిన్నోడు?"

"అమ్మమ్మ వాళ్లింట్లో. వాడికి టీకా ఇంకా పట్టలేదంట."

టైలరమ్మ పెదాల మధ్యనుంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి జాకెట్టు చేతికి గుచ్చుకుంది. "మీరు వేయించామన్న రోజున నిజంగా వేయించి ఉంటే ఈపాటికి పట్టేది కదన్నయ్యా," అంది. అందులో కోపం లేదు. కుట్టు ఎక్కడ తప్పిందో గుడ్డ మీద చూపించినట్టు అంది.

"పట్టేదమ్మా."

అతను పాపను ఎత్తడానికి చేతులు చాచాడు. ఆమె ఇవ్వలేదు. తనే కూతుర్ని ఎత్తుకుని మెట్టు ఎక్కించబోయింది. మెట్టు ఆమెకూ ఎత్తే. మోకాలు తలుపుకు తగిలి, పాప చెప్పు ఊడి రోడ్డు మీద పడింది. అతను వంగి చెప్పు తీసి, దుమ్ము దులిపి, చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. లోపల పాపను కూర్చోబెట్టి దిగి, ఆమె అతని చేతిలోంచి చెప్పు తీసుకుంది.

"రేపు కూడా నేనే ఎక్కిస్తాను," అంది. మళ్లీ ముందు సీటు వైపు చూసి, "దానికి ఎలా ఉందో మాత్రం రోజూ చెప్పండి. ఉన్నది ఉన్నట్టు," అంది.

అతను తలూపి డ్రైవర్ సీట్లోకి ఎక్కాడు. వెనక పిల్లలెవరో బంతి ఎప్పుడొస్తుందని అడిగారు. "తెలియదు," అని బండి ముందుకు పోనిచ్చాడు.